కత్తిరింపుకు ముందు నేనన్న మాట

గడ్డిమోపు మోశాను, నీళ్లబిందెలు మోశాను, కడుపుతో ఉండి ఎరువు గంపలు కూడా మోశాను. ఏ బరువునైనా ఎక్కడో ఒకచోట దించాను. ఒక మాటను మాత్రం దించలేదు. అది నేను అన్న మాటే. అనడానికి ఊపిరి పీల్చినంత సేపు కూడా పట్టలేదు. ఇన్నేళ్లుగా మోస్తూనే ఉన్నాను.

నువ్వెవరో నాకు తెలియదు. అందుకే నీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెబితే "పోనీలే, పెద్దదానివి" అంటారు. ఆ మాట నాకు వద్దు. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, రాయడం నాకు నెమ్మది. ఓపిక ఉంటే చదువు, లేకపోతే పక్కన పెట్టు. నేను మాత్రం రాయక తప్పదు.

మాది షామీర్‌పేట దాటాక లోపలికి ఉన్న ఊరు. తొంభైల్లో ఇటు మేడ్చల్ దాకా ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. మాకూ ఉండేది ఒక తోట. మా ఆయన పోయాక తోటను నేనే చూసుకున్నాను. కొడుకు ప్లాట్ల వ్యాపారంలో పడ్డాడు, పందిరి కింద నిలబడే ఓపిక వాడికి లేదు. నన్ను పిసినారి అనేవాళ్లు. అననీ. కాల్చిన అగ్గిపుల్లను రెండోసారి పొయ్యిలో వాడిన ఇల్లు మాది.

ఆ రోజుల్లో జైల్లో ఉన్నవాళ్లకు తోటపని నేర్పే సంస్థ ఒకటి ఉండేది. శిక్ష అయిపోయి బయటికి వచ్చినవాళ్లను మాలాంటి తోటలవాళ్ల దగ్గర పనికి పెట్టేది. రెండేళ్లు ఒకే చోట, మళ్లీ తప్పు చేయకుండా పనిచేస్తే "ఈ మనిషి మంచివాడు" అని సంస్థ పెద్దలు నలుగురిలో మాట ఇచ్చేవారు. జైలుకు పోయి వచ్చినవాడికి ఆ మాట విలువ ఎంతో నీకు చెప్పనక్కర్లేదు.

అలా వచ్చాడు మల్లేశు. జాలిపడి పెట్టుకున్నానని ఊళ్లో చెప్పుకున్నాను. అబద్ధం. సగం కూలికి వస్తాడని పెట్టుకున్నాను.

ముప్పై ఏళ్లు ఉంటాయేమో అప్పటికి. పొలాల దగ్గర బోరు మోటార్లు విప్పి రాగితీగ అమ్ముకుని జైలుకు పోయినవాడు. అతను లోపల ఉండగానే పెళ్లాం పచ్చకామెర్లతో పోయింది. ఒక్కతే కూతురు, సుజాత. కీసరలో మేనమామ ఇంట్లో పెరుగుతోంది. ఆ మేనమామ మల్లేశుతో ఒకే ఒక్క మాట అన్నాడట: "సంస్థోళ్లు వచ్చి నువ్వు మంచోనివని జెప్పిన నాడు పిల్లను తోలుకపో. అప్పటిదాంక గడప తొక్కకు."

మల్లేశు ఆ రెండేళ్లూ ఆ ఒక్క మాట కోసం పనిచేశాడు. నాకు తెలుసు. ముందే చెబుతున్నాను, నాకు మొదటినుంచీ తెలుసు. తెలియక చేశానని రేపు నువ్వు నా తరఫున అనుకోవద్దు.

నేను అతన్ని పేరు పెట్టి పిలిచింది తక్కువ. "ఓ జైలోడా" అంటే పలికేవాడు. అతని పళ్లెం, గ్లాసు మోటారు షెడ్డు చూరులో వేరుగా పెట్టించాను. ఊరికి పోతానంటే సంచి విప్పి చూపించి పొమ్మనేదాన్ని. అదీ పనివాళ్లందరి ముందు. అతను విప్పేవాడు. ఒక చొక్కా, ఒక తువ్వాలు. మళ్లీ మడతపెట్టుకునేవాడు.

ఒకసారి పండ్లు దిగే కాలంలో, మేనమామకు ఏం దయ పుట్టిందో, పిల్లను ఒక పూట చూపించడానికి తోటకు తెచ్చాడు. మల్లేశు చేతులు కడుక్కుని, ఒక గుత్తి కోసి పిల్ల చేతిలో పెట్టాడు. నేను చూశాను. పోయి పిల్ల చేతిలోంచి గుత్తి తీసుకున్నాను. "గిది అమ్మకానికి" అన్నాను. పిల్ల ఏడవలేదు. నోట్లో వేసుకున్న ఒక్క పండును కూడా ఉమ్మి అరచేతిలో పెట్టుకుని నావైపు చాపింది. మల్లేశు తల వంచుకుని నిలబడ్డాడు. నేను ఆ పండును కూడా తీసుకున్నానా? తీసుకున్నాను. పందిరి కింద పారేశాను.

ఇది నా తప్పు కాదా అంటావేమో. ఇదీ తప్పే. కానీ నేను చెప్పాలనుకున్న తప్పు ఇది కాదు. దీన్ని చూసినవాళ్లున్నారు. దాన్ని అప్పుడు తప్పని చూసినవాళ్లు ఎవరూ లేరు.

ద్రాక్షకు ప్రాణం కత్తిరింపులో ఉంటుంది. ఏడాదికి రెండుసార్లు తీగ కోయాలి. వేసవిలో కోసేది తీగ బలం కోసం, దసరా తర్వాత కోసేది కాపు కోసం. ఆ రెండోది తప్పితే ఆ ఏడు పంట లేనట్టే. తీగకు చిగురు వేసే కన్నులు ఎన్ని ఉంచాలో, ఏ కన్నులో పండు ఉందో చూడగల చేయి వేరే ఉంటుంది. అందరి తోటల్లోనూ ఒకేసారి కత్తిరింపు కాబట్టి అలాంటి చేతులు దొరకవు. దొరికినా అడిగినంత ఇవ్వాలి. మల్లేశు చేయి అలాంటిది. అతను కోసిన ఏడు మా పందిరి పండ్ల బరువుకు కుంగింది.

రెండేళ్లు నిండే ముందు, బతుకమ్మ పూలు పూస్తున్న రోజుల్లో, నగరం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పెద్ద చదువు చదువుతోందట. కోస్తా మాట. మోటారు దగ్గర గట్టు మీద కూర్చుని కాగితాలు తీసింది.

"మామ్మగారూ, మీ దగ్గర పనిచేసే మల్లేష్ గురించి నాలుగు మాటలు అడగాలండి."

"నాలుగే అడుగు. ఐదోదానికి కరెంటు పోతది, నీళ్లు మళ్లియ్యాలె."

నవ్వింది. నవ్వితే చిన్నపిల్లలా ఉంది. "పేర్లు ఎక్కడా బయటికి రావండి, మీదీ రాదు, అతనిదీ రాదు. ఎంతమంది నిలబడ్డారు, ఎంతమంది మళ్లీ తప్పు చేశారు, ఆ లెక్కే కావాలి."

"గా లెక్కతోని ఏం జేస్తవ్ బిడ్డా? ఉడకబెట్టుకొని తింటవా?"

"జైల్లో పని నేర్చుకుని వచ్చినవాళ్లనీ, నేర్చుకోకుండా వచ్చినవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తామండి. నేర్చుకున్నవాళ్లలో తప్పు చేసినవాళ్లు తక్కువుంటే ఈ పని మంచిదని తేలుతుంది. అప్పుడు ఇంకా చాలామందికి నేర్పుతారు. తేలకపోతే ఆపేస్తారు."

నాకు అర్థమైంది. నాకు అర్థం కాలేదని చెప్పుకునే వీలు లేదు. వ్యవసాయం వాళ్లు మా తోటలోనే ఒకసారి అలా చేశారు. ఒక వరుసకు కొత్త మందు కొట్టారు, పక్క వరుసకు కొట్టలేదు, రెంటినీ పోల్చి చూశారు. కొట్టిన వరుసలో ఎవరైనా చేతులారా పురుగును వదిలితే ఆ మందు గతి ఏమవుతుందో నాకు తెలుసు.

"మరి మా మల్లేశును ఎప్పుడు పంపిస్తరు?" అని అడిగాను.

"ఈ లెక్క అవగానే సంస్థవాళ్లు మంచిమాట ఇచ్చేస్తారండి. దసరా లోపే. ఆయనకి పాప ఉందట కదా, పాపం రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు." కాగితం మీద కలం ఆనించింది. "చెప్పండి మామ్మగారూ. ఈ రెండేళ్లలో మళ్లీ ఏదైనా తప్పు చేశాడా?"

దసరా లోపే. కత్తిరింపు దసరా తర్వాత.

ఇక్కడ నీకు మా పాత ఆచారం ఒకటి చెప్పాలి. మంచి ఆచారం కాదు. మా నాయిన కాలంలో, పని నెత్తిమీద ఉండగా జీతగాడు వెళ్లిపోతానంటే, అతని మీద ఏదో ఒక దొంగతనం మోపేవారు. నాగలి కర్రు పోయిందనో, గింజలు పోయాయనో. తేలేదాకా ఊరు దాటొద్దని పంచాయతీ కట్టేసేది. పని అయిపోయాక కర్రు గడ్డివాములో దొరికేది. పెద్దమనుషులు "పిల్లగాడు మంచోడే" అనేవారు, ఒక కల్లుముంత పోయించేవారు, మాట మాసిపోయేది. అందరికీ తెలిసిన నాటకమే. జీతగాడికి కూడా తెలుసు. మా నాయిన ఇలా చేయగా చిన్నప్పుడు నవ్వుతూ చూశాను.

ఆ అమ్మాయి ముందు నాకు అదే గుర్తుకొచ్చింది. పేరు బయటికి రాదంటే ఊళ్లో రాదనుకున్నాను, సంస్థకు చేరుతుందనే నమ్మాను. ఇప్పుడు ఒక మాట అందాం, కత్తిరింపు అయ్యాక దొరికిందని చెబుదాం. నెల రోజుల మాట. నెల ఆగితే పిల్ల ఎక్కడికి పోతుంది?

"జేసిండు బిడ్డా," అన్నాను. "పోయినేడు మోటారు తీగ ఇప్పి అమ్ముకున్నడు. పోలీసులకు జెప్పలే. ఏం జెప్తం, కడుపున పుట్టినోని లెక్క సూస్కుంటున్న."

ఎవరూ అడగకపోయినా ఆ చివరి మాట కలిపాను. ఎందుకు కలిపాను? దొంగను చేస్తూ నేను దయగలదాన్ని కావాలనుకున్నాను. ఆ అమ్మాయి కళ్లు తడిశాయి. "మీలాంటివాళ్లు ఉండబట్టేనండి" అంది. రాసుకుంది. మల్లేశు కొంచెం దూరంలో తీగలు కడుతున్నాడు. మా మాటలు వినబడవు. ఆ అమ్మాయి వెళుతుంటే చేయెత్తి దండం పెట్టాడు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. పక్క తోట అంజిరెడ్డి గట్టు మీద నుంచి పిలిచాడు. నాకు కొడుకు వరస. అతని తోటలోనూ సంస్థ పెట్టిన మనిషి ఒకడు ఉన్నాడు.

"పెద్దమ్మా, గా పిల్ల ఏమడుగుతాంది? మా తోటకు గూడ వస్తదట."

"ఈయేడు నీ కత్తిరింపు ఎవలు జేస్తరురా?"

"ఎవలేంది, మా జైలోడే."

"వాడు మంచోడని జెప్పు మరి. దసరాకు బస్సెక్కి పోతడు. కత్తెర నీ పెండ్లాం పడ్తదా?"

అంజిరెడ్డి ఒక్క క్షణం నన్ను చూశాడు. తర్వాత తొడ చరుచుకుని నవ్వాడు. "నీ తెలివి సల్లగుండ పెద్దమ్మా! మా తాత బతికొచ్చినట్టున్నది." నేనూ నవ్వాను. అవును, నవ్వాను. అతను అతని పక్కవాడికి చెప్పాడు. ఆ పక్కవాడు ఇంకొకడికి చెప్పి ఉంటాడు. అందరి తోటల్లోనూ కత్తిరింపు ముందే ఉంది కదా.

ఆ ఏడు మల్లేశు కత్తిరింపు చేశాడు. ఉంచిన ప్రతి కన్నుకూ మందు పూశాడు. సంస్థ నుంచి కబురు రాలేదేమని మాత్రం ఒకసారి అడిగాడు. "వస్తది తియ్, నీకే తొందర" అన్నాను.

చిగుళ్లు వచ్చాక, నాకు నేను అనుకున్న ప్రకారం, మేడ్చల్‌లో సంస్థ ఆఫీసుకు పోయాను. మోటారు తీగ దొరికిందని చెబుదామని. అక్కడ ఒక్క గుమాస్తా బీరువా సర్దుతున్నాడు. లెక్క తేలిందట. పని నేర్చుకున్నవాళ్లూ నేర్చుకోనివాళ్లూ ఒక్కలాగే తప్పు చేస్తున్నారని తేలిందట. డబ్బిచ్చేవాళ్లు ఆపేశారు. జైల్లో నేర్పడం ఆగిపోయింది. ఇక ఎవరికీ మంచిమాట ఇచ్చేది లేదు.

"మా మల్లేశు తప్పేం జెయ్యలే, గది జెప్పనీకే అచ్చిన" అన్నాను.

"మల్లేశు జేసిండని ఎవలన్నరమ్మా?" అన్నాడు. "మాకు పేర్లు రాలే. ఎందరు అనేదే వచ్చింది. గా లెక్కల ఎవలున్నరో మాకేం ఎర్క?"

ఊళ్లో అయితే పేరు చెడగొడతాం, ఆ పేరునే మళ్లీ బాగుచేస్తాం. ఇక్కడ బాగుచేయడానికి పేరే లేదు. ఆ నగరం అమ్మాయి తన మాట నిలబెట్టుకుంది. పేరు ఎక్కడా చెప్పలేదు. నేను వేసిన మచ్చ మల్లేశు ఒక్కడి మీద పడలేదు, అతనితో పాటు బయటికి వచ్చిన అందరి మీద పడింది. ఇంకా జైల్లోనే ఉండి కత్తెర పట్టడం నేర్చుకుంటున్నవాళ్ల మీద కూడా.

అప్పుడైనా ఆ అమ్మాయిని వెతుక్కుంటూ నగరం పోవచ్చు. రెండు బస్సులు మారాలి. ఛార్జీ దండగ అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. సిగ్గుపడ్డానని, భయపడ్డానని చెబితే కొంచెం బాగుండేది. నేను ఛార్జీ గురించి ఆలోచించాను.

మల్లేశు సంస్థ మూతపడిందని విని కీసర పోయాడు. పొద్దుగూకకముందే తిరిగొచ్చాడు.

"ఏమాయెరా?"

"సంస్థనే లేకపాయె, ఇగ ఎవని మాట నమ్మాలె అన్నడవ్వా."

"పిల్ల?"

"ఇంట్లనే ఉన్నది. బయటికి రాలె."

"సరే. తిని నీళ్లు మళ్లియ్యి" అన్నాను.

తిని నీళ్లు మళ్లించాడు. అలా ఎన్నో ఏళ్లు మళ్లించాడు. సగం కూలిని ముప్పావు చేశాను, పూర్తి చేయలేదు. సంచి చూడడం మానేశాను. ఎందుకు మానేశానో అతను అడగలేదు. కీసరలో ఆ పిల్ల మేనమామనే నాయినా అని పిలుస్తోందని ఎవరో చెబితే, మల్లేశు విని "మంచిదే గద" అన్నాడట. మల్లేశు మంచివాడో కాదో చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. కీసరకు బస్సు మా రోడ్డు మీదనుంచే పోతుంది. నేను ఎక్కలేదు. ఎక్కితే అతను పోతాడు. పోతే కత్తిరింపు ఎవరు చేస్తారు? ప్రతి ఏడూ కత్తిరింపు ఉంటుంది.

రెండువేలు దాటాక బోర్లు ఎండడం మొదలైంది. సగం పందిరి తీసేశాం. అలాంటి ఒక రోజు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. జుట్టులో తెల్లదనం వచ్చింది, పెద్ద కాలేజీలో పాఠాలు చెబుతోందట. పాతవాళ్లు ఎలా ఉన్నారో మళ్లీ కనుక్కుంటోందట. నన్ను గుర్తుపట్టి కాళ్లకు దండం పెట్టింది. నేను పెట్టించుకున్నాను.

"ఆ రోజు లెక్క నాకు ఇప్పటికీ మింగుడు పడదు మామ్మగారూ," అంది. "మిగతా ఊళ్లలో నేర్చుకున్నవాళ్లు బాగానే నిలబడ్డారండి. ఒక్క మీ తోటలవైపే అందరూ పడిపోయారు. తక్కువమంది కదా, ఆ కొందరితోనే మొత్తం తారుమారైంది. తోటపనిలో ఏం లోపముందో నాకు అర్థం కాలేదు."

తోటపనిలో లోపం వెతికింది ఇన్నేళ్లు. నా ముఖంలో వెతకలేదు. నేను దయగలదాన్ని కదా.

అప్పుడే మల్లేశు నీళ్లు తెచ్చి ఇచ్చాడు. ఆమె అతన్ని కూర్చోమంది. చాలా మర్యాదగా అడిగింది, నొప్పించకూడదని. "మల్లేష్ గారూ, అప్పట్లో ఒకసారి మోటారు తీగ విషయం జరిగిందని అమ్మగారు చెప్పారు. మీ మీద కోపంతో కాదండి, చాలా ప్రేమగా చెప్పారు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ అలా జరగలేదు కదా?"

మల్లేశుకు ఆ మాట వినడం అదే మొదటిసారి.

అతను ఆమెను చూడలేదు. నన్ను చూశాడు. మా వైపు మనిషి, జీతగాళ్ల ఇంట్లో పుట్టినవాడు, అతనికి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఏ నెలలో ఆ అమ్మాయి వచ్చిందో, ఆ నెలలో తోటలో ఏం పని ఉందో, సంస్థ ఎందుకు మూతపడిందో, పిల్ల ఎందుకు బయటికి రాలేదో, అన్నీ ఒకదాని వెంట ఒకటి అతని ముఖంలో దిగడం చూశాను. నేను నోరు తెరవాల్సింది అప్పుడే. "వాడు తియ్యలే బిడ్డా" అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె నా కాళ్లకు దండం పెట్టి ఇంకా గడియ కాలేదు.

నేను ఊరుకున్నాను.

"అవ్వ ఏం జెప్పిందో గదే మేడం," అన్నాడు మల్లేశు. "గప్పుడు బుద్ధి గట్లుండె. గదే రాసుకోండ్రి."

ఆమె రాసుకుంది. అతను ఖాళీ గ్లాసు తీసుకుని కడగడానికి పోయాడు.

ఎందుకన్నాడు ఆ మాట? నా మీద భక్తితోనా? కాదు. అతనికి అప్పటికి నా మోటారు షెడ్డు తప్ప ఇల్లు లేదు. నన్ను అబద్ధాలకోరు అంటే ఆ గది కూడా పోతుంది. పోతుందా? నేను పంపించేదాన్నా? ఈ ప్రశ్నకు "పంపించేదాన్ని కాదు" అని రాయాలని ఉంది. రాయలేను.

ఆ సాయంత్రం నన్ను అడుగుతాడని కాచుకున్నాను. అడిగితే కసురుకుందామని మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. అడగలేదు. మర్నాడూ అడగలేదు. తోట ప్లాట్లు అయ్యేదాకా నాతో పని మాట తప్ప మరో మాట అనలేదు. అవ్వా అని పిలవడం మాత్రం మానేశాడు. తర్వాత కొంపల్లిలో ఏవో కొత్త ఇళ్ల దగ్గర వాచ్‌మన్‌గా చేరాడని విన్నాను. పోతూ నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

సుజాత ఇప్పుడు పెద్దదై ఉంటుంది. ఎక్కడుందో కనుక్కోవచ్చు. పోయి చెప్పినా ఆ పిల్లకు తండ్రితో గడవాల్సిన ఏళ్లు తెచ్చి ఇవ్వలేను. అందుకే పోవడం లేదని నాకు నేను చెప్పుకుంటాను. ఇది కూడా ఆ బస్సు ఛార్జీ లాంటి మాటేనేమో. నాకు తెలియడం లేదు.

నన్ను క్షమించమని అడగడం లేదు. నువ్వు ఆ పని చేయలేవు, చేయగలిగినవాడిని నేను అడగలేదు. నాకు కావాల్సింది ఒక్కటే, ఆ మాట సరిగ్గా ఒకసారి నా చేత్తో రాయడం. రాస్తున్నాను.

మా బోరు మోటారు తీగ ఏనాడూ పోలేదు. మల్లేశు నా తోటలో ఉన్నన్నాళ్లూ ఏ వస్తువూ తీయలేదు. ఒక్క గుత్తి కోశాడు, కూతురి కోసం. దాన్ని కూడా నేను వెనక్కి తీసుకున్నాను.